‘ద షాప్ ఎరౌండ్ ద కార్నర్’లో నవ్వు ఎక్కడుంది?

మీ సందేహాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. 1940 నాటి హాలీవుడ్ సినిమా ‘ద షాప్ ఎరౌండ్ ద కార్నర్’ గొప్ప హాస్యచిత్రమని పదిమంది చెప్పగా విని చూశారు. ఒకే షాపులో పనిచేసే ఇద్దరు గుమాస్తాలు సినిమా పొడుగునా కీచులాడుకుంటూనే ఉన్నారు. వాళ్లిద్దరే పేర్లు తెలియకుండా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటున్నారని మీరు చాలా ముందే పసిగట్టారు. మధ్యలో కథ పెద్దవయసు యజమాని దుఃఖం వైపు మళ్లింది. మీరు గట్టిగా నవ్విన సందర్భాలు ఒకటో రెండో. ఇందులో అంతగా మెచ్చుకోవలసింది ఏముందని అడిగారు. సినిమా రసాస్వాదన పాఠాలు చెప్పే పనిలో ఈ చిత్రాన్ని ఎన్నో బృందాలతో కలిసి చూసినవాడిని కనుక, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, అనుచితమైనదీ కాదు. మొదటిసారి చూసినవాళ్లలో సగంమంది ఇదే మాట అంటారు. అందుకే కొంచెం విపులంగా జవాబు రాస్తున్నాను.

ఈ చిత్రంలోని హాస్యానికి మూలం ఒక్కటే: ఇందులో ఎవరూ తాము అనుకున్న మాటను అనుకున్న చోట అనలేరు. ఆ షాపులోని ప్రతి మనిషికీ జీతం కావాలి, బయట ఉద్యోగాలు దొరకడం కష్టం, యజమాని చెవి ఎప్పుడూ నాలుగడుగుల దూరంలో ఉంటుంది, తలుపు తెరుచుకుని ఏ క్షణానైనా కొనుగోలుదారు లోపలికి రావచ్చు. అందువల్ల కోపం వచ్చినవాడు మర్యాదగా కోప్పడాలి, అవమానపడినవాడు చిరునవ్వుతో అవమానపడాలి, ఎదుటివాడిని పొడవాలనుకున్నవాడు సరుకు సర్దుతూ పొడవాలి. నటీనటులు గొంతు పెంచకపోవడం, దర్శకుడు సన్నివేశాన్ని నొక్కి చూపించకపోవడం ఈ పరిస్థితి నుంచే సహజంగా వచ్చాయి. వాటిని కేవలం శైలిగా చూస్తే సినిమా చప్పగా కనిపిస్తుంది. ఎవరు ఎవరి ముందు ఏ మాటను మింగారో గమనిస్తూ చూస్తే అదే సినిమా క్షణక్షణం నవ్విస్తుంది.

మొదటి పది నిమిషాలను మళ్లీ ఒకసారి చూడండి. బుడాపెస్ట్‌లో, ఆండ్రాషీ వీధి మలుపు తిరగగానే ఉన్న మాటుషెక్ కంపెనీ అనే తోలుసామాను, కానుక వస్తువుల దుకాణం ముందు ఉద్యోగులు ఒక్కొక్కరుగా వచ్చి నిలబడతారు. తాళం యజమాని దగ్గర ఉంది కనుక ఆయన వచ్చేదాకా అందరూ వీధిలోనే నిలబడాలి. ఆ కొద్దిసేపట్లోనే ఎవరి స్థానం ఏమిటో మనకు తెలిసిపోతుంది. కుర్రవాడు పెపి సైకిలు మీద వస్తాడు. వాదాష్ అనే గుమాస్తా తన జీతానికి మించిన దర్జాతో టాక్సీలో దిగుతాడు. ముందురోజు రాత్రి యజమాని ఇంట్లో విందుకు వెళ్లివచ్చిన మొదటి గుమాస్తా, మన కథానాయకుడు క్రాలిక్, కడుపులో బాగాలేక సోడా పొడి తెచ్చిపెట్టమని పెపిని పురమాయిస్తాడు. యజమాని పిలిచి భోజనం పెట్టడం గౌరవమే, కాని ఆ భోజనం పడలేదని పైకి చెప్పుకోవడానికి లేదు. షాపులో క్రాలిక్ ఎంత పైస్థాయిలో ఉన్నాడో, ఆ స్థానం ఎంత సున్నితమైనదో ఈ చిన్న సంగతి చెప్పేస్తుంది. సినిమా తర్వాతి భాగంలో అతని మీద పడబోయే పిడుగు కూడా యజమాని ఇంటి గుమ్మం దాటి వెళ్లిన ఆ చనువు నుంచే పుడుతుంది.

లోపలికి వెళ్లాక పిరోవిచ్ అనే నడివయసు గుమాస్తాను గమనించండి. యజమాని ఎవరినైనా నిలబెట్టి నీ నిజమైన అభిప్రాయం చెప్పు అన్నప్పుడల్లా, ఆ మాట చెవిన పడగానే, పిరోవిచ్ చడీచప్పుడు లేకుండా మెట్లెక్కి మాయమైపోతాడు. ఆ పాత్ర వేసిన ఫెలిక్స్ బ్రెసార్ట్ అందుకోసం ముఖంలో ఏ విశేషమైన కవళికా చూపించడు, కెమెరా కూడా అతని వెంట పరుగెత్తదు. కుటుంబం ఉన్న మనిషి నిజం చెప్పే ప్రమాదం నుంచి తప్పుకుంటున్నాడు, అంతే. అయినా ఆ కాళ్లు మెట్ల మీద కదలడం చూస్తే, పై అధికారి ముందు అభిప్రాయం చెప్పవలసి వచ్చిన ఎవరికైనా లోలోపల నవ్వు ఉబికివస్తుంది. నేను ఈ చిత్రంలోని హాస్యం గురించి చెప్పవలసివచ్చినప్పుడల్లా మొదట చూపించేది ఈ మెట్లనే.

ఆ అభిప్రాయం అడిగినది ఒక సిగరెట్ పెట్టె గురించి. మూత తెరిస్తే ఒక రష్యన్ పాట మోగే ఆ పెట్టెను తెప్పించి అమ్మాలని యజమాని ముచ్చటపడతాడు. సిగరెట్ తీసిన ప్రతిసారీ అదే పాట వినవలసివస్తే ఎవరు కొంటారని క్రాలిక్ అంటాడు. ఇద్దరి మధ్యా పట్టుదల పెరిగిన సమయంలో క్లారా నోవాక్ అనే అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటూ లోపలికి వస్తుంది. కొనడానికి వచ్చిందనుకుని క్రాలిక్ ఎంతో వినయంగా మాట్లాడి, ఉద్యోగం కోసమని తెలియగానే ఖాళీ లేదంటాడు. ఆమె మాత్రం ఆ పెట్టెనే చేతిలోకి తీసుకుని, అది మిఠాయి పెట్టె అనీ, మూత తీయగానే పాట మోగి ఎక్కువ తినకండని హెచ్చరిస్తుందనీ చెప్పి అక్కడికక్కడే ఒకావిడకు అమ్మేస్తుంది. ఉద్యోగం సంపాదించుకుంటుంది. క్రాలిక్ తీర్పు సరైనదే: ఆ పెట్టెలు తర్వాత అమ్ముడుపోక మూలుగుతాయి. కాని అతని తీర్పు తప్పని నిరూపించడం ద్వారానే ఆమెకు తిండి దొరికింది. వారి వైరం మొదలైంది ఇక్కడే. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ఎవరిదీ చెడ్డ మనసు కాదు. ఒకరి గెలుపు రెండోవారి ఓటమిగా మారిపోయే చోట వారు కలుసుకున్నారు.

పెట్టె గురించి ఇంతగా రాయడానికి కారణం ఉంది. ఈ చిత్రంలో ఏ వస్తువూ ఊరికే ఉండదు. ఆ పెట్టె యజమాని అహంకారానికి గుర్తుగా మొదలై, క్లారా చాకచక్యానికి సాక్ష్యంగా మారి, అమ్ముడుపోని సరుకుగా షాపుకు భారమై, చివరికి ఆమె తన ఉత్తరాల స్నేహితుడికి క్రిస్మస్ కానుకగా ఇవ్వాలనుకునే వస్తువవుతుంది. ఆ కానుక తనకే వస్తుందని అప్పటికే తెలిసిన క్రాలిక్, దాని బదులు పర్సు కొనేటట్లు ఆమెకు నచ్చచెప్పమని పిరోవిచ్‌ను పంపుతాడు. సినిమా మొదట్లో యజమాని దగ్గర నెగ్గించుకోలేని వాదాన్ని క్రాలిక్ చివర్లో ఇలా దొడ్డిదారిన నెగ్గించుకుంటాడు. ఎవరూ మనకు ఇది ఫలానా సన్నివేశానికి కొనసాగింపు అని గుర్తుచేయరు. గుర్తున్నవాడికి నవ్వు వస్తుంది, గుర్తులేనివాడికి కథ సాగిపోతుంది. మీరు నవ్వలేకపోయిన చోట్లలో చాలా వరకు ఇటువంటివే అయివుంటాయని నా అంచనా.

ఇంత వివరంగా షాపు జీవితం తెరకెక్కడానికి దర్శకుడు ఎర్న్‌స్ట్ లుబిచ్ పుట్టిపెరిగిన నేపథ్యం కూడా ఒక కారణం. లుబిచ్ 1892లో బెర్లిన్‌లో పుట్టాడు, ఆయన తండ్రి దుస్తుల వ్యాపారి. నాటకరంగంలోకి పోకముందు కుర్రవాడైన లుబిచ్ ఆ వ్యాపారంలోనే పనిచేశాడు. హాలీవుడ్‌కు వచ్చాక ఆయనకు పేరు తెచ్చిపెట్టినవి రాజభవనాలు, ఖరీదైన హోటళ్లు, ధనికుల సరసాలు ఉన్న చిత్రాలు. హంగేరియన్ నాటకకర్త మిక్లోష్ లాస్లో రాసిన నాటకాన్ని తీసుకుని, తనకు ఆప్తుడైన రచయిత సామ్సన్ రాఫెల్సన్ చేత స్క్రీన్‌ప్లే రాయించినప్పుడు మాత్రం ఆయన గుమాస్తాల లోకంలోకి తిరిగివచ్చాడు. నాయకా నాయికలుగా తాను కోరుకున్న జేమ్స్ స్టూవార్ట్, మార్గరెట్ సల్లవాన్ ఇద్దరూ ఒకేసారి ఖాళీగా దొరికేదాకా ఆగి, ఈలోగా ‘నినోచ్కా’ తీశాడు. 1947లో, మరణించడానికి కొద్ది నెలల ముందు రాసిన ఒక లేఖలో, వాతావరణమూ పాత్రలూ ఇంత నిజంగా ఉన్న చిత్రం తాను మరొకటి తీయలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన తీసిన మిగతా చిత్రాలను కూడా ఇష్టపడే నేను ఈ ఒక్క విషయంలో ఆయన మాటనే బలపరుస్తాను.

ఇక ఇద్దరు ప్రత్యర్థుల సంగతి. కీచులాటలు ఒకేరకంగా ఉన్నాయని మీరన్నారు. ఆరు నెలలు దాటి డిసెంబరు నాటికి కథ చేరినప్పుడు వారి జగడం ఒక బ్లౌజు మీదికి వచ్చిందని గుర్తుచేసుకోండి. పసుపు రంగు మీద ఆకుపచ్చ చుక్కలున్న బ్లౌజు వేసుకొచ్చావని అతను తప్పుపడతాడు. కాదు, అది ఆకుపచ్చ మీద పసుపు చుక్కలని ఆమె సరిదిద్దుతుంది, పైగా తక్కిన అందరికీ అది నచ్చిందని కూడా చేరుస్తుంది. వినడానికి పనికిమాలిన వాదన. అయితే ఒకరి మీద ఒకరికి ఏ ఆసక్తీ లేనివారికి నిన్నటి చుక్కల రంగు గుర్తుండదు. ఇద్దరూ ఎంత సూక్ష్మంగా ఎదుటివారిని చూస్తున్నారో ఆ వాదనలోనే ఉంది, అది వారికి తెలియకపోయినా మనకు తెలుస్తుంది.

అదే రోజు సాయంత్రం ఉత్తరాల స్నేహితులు మొదటిసారి కలుసుకోవాలని నిర్ణయించుకున్నారు. ఇద్దరికీ త్వరగా ఇంటికి వెళ్లాలని ఉంది. క్లారా ఆ రోజు ఉదయం నుంచి క్రాలిక్‌తో ఎన్నడూ లేనంత తీయగా మాట్లాడుతుంది. అతను కూడా కొంచెం కరుగుతాడు. అప్పుడామె ఈ సాయంత్రం తొందరగా వెళ్లనిస్తారా అని అడగగానే, ఆ తీపి అంతా దేనికోసమో అర్థమై అతని ముఖం బిగుసుకుంటుంది. ఇంతలో షోకేసు అలంకరించడానికి అందరూ రాత్రి ఉండాలని యజమాని హుకుం జారీచేస్తాడు. ఒకరినొకరు కలుసుకోవడానికి వెళ్లవలసిన ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడుతూ, ఒకే కప్పు కింద అదే చోట ఇరుక్కుపోతారు. దర్శకుడు దీన్ని ఎక్కడా నొక్కి చెప్పలేదు. మరొకరైతే గడియారాన్ని పదిసార్లు చూపించి, సంగీతాన్ని పరుగెత్తించి మనల్ని నవ్వమని బతిమాలుకునేవారు.

నటన విషయంలో ఒక్క మాట. స్టూవార్ట్, సల్లవాన్ హాలీవుడ్‌కు రాకముందే రంగస్థలం మీద ఒకరికొకరు తెలిసినవారు, ఈ చిత్రానికి ముందు రెండు సినిమాల్లో కలిసి నటించారు. ఆ పరిచయం వల్ల కాబోలు, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు ఇద్దరూ నిజంగా వింటారు. స్టూవార్ట్ పొడవాటి మనిషి, సహజంగా తడబడుతూ మాట్లాడే నటుడు. ఇక్కడ ఆ తడబాటును చాలావరకు దాచి, కొంచెం బిగువుగా, కొంచెం అధికారం చెలాయించే మొదటి గుమాస్తాగా కనిపిస్తాడు. సల్లవాన్ గొంతులో ఉన్న సన్నని జీర, తెలివితేటల ప్రదర్శనలో మునిగిపోయిన క్లారా పాత్ర మీద మనకు విసుగు రాకుండా కాపాడుతుంది. ఆ జీర వెనుక ఒంటరితనం వినిపిస్తూనే ఉంటుంది.

యజమాని కథ అనవసరంగా చొరబడిందన్న మీ అభిప్రాయంతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆయన భార్యకు షాపులోని ఒకరితో సంబంధం ఉందని ఆకాశరామన్న ఉత్తరం అందుతుంది. తన ఇంటికి రాకపోకలున్న క్రాలిక్ మీద ఆయనకు అనుమానం కలుగుతుంది. ఇక్కడ రెండు సంగతులు చూడండి. మొదటిది, క్రాలిక్ జీవితాన్ని నడిపిస్తున్నది కూడా పేరులేని ఉత్తరాలే. ఒక రకం ఉత్తరం అతనికి ఆశ ఇస్తే, మరో రకం ఉత్తరం అతని ఉద్యోగాన్ని పోగొడుతుంది. రెండవది, యజమాని కూడా తన మనసులోని మాట అనలేని స్థితిలోనే ఉన్నాడు. భార్య గురించి గుమాస్తాను ఎలా అడుగుతాడు? అందుకే అనుమానమంతా చిరాకుగా మారి, పనిలో తప్పులు ఎంచడంగా మారి, కారణం చెప్పకుండానే క్రాలిక్‌ను తీసేయడంగా ముగుస్తుంది. క్రాలిక్ చేతిలో ఉన్న సిఫారసు లేఖలో మంచి మాటలే ఉంటాయి. తోటివారు చుట్టూ నిలబడతారు, ఎవరికీ ఏమనాలో తెలియదు. ఇంతవరకు నవ్వు పుట్టించిన మౌనమే ఇక్కడ గుండెను పిండుతుంది. హాస్యచిత్రంలో ఈ సన్నివేశం ఎందుకు అంటే, ఇది లేకపోతే పిరోవిచ్ మెట్లెక్కి పారిపోవడానికి అర్థం ఉండదు. అతను దేనికి భయపడుతున్నాడో మనకు కళ్లారా కనిపించేది ఇప్పుడే.

యజమాని భార్యను సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా చూపించలేదన్న విషయం మీరు గమనించారో లేదో. ఫోనులో ఆవిడతో జరిగే సంభాషణల్లో కూడా మనకు వినిపించేది ఇవతలివారి మాటే. అసలు దోషి వాదాష్ అని తాను నియమించిన డిటెక్టివ్ చెప్పినప్పుడు, తన భార్యకు తనతో కలిసి ముసలిదైపోవడం ఇష్టం లేకపోయిందని మాటుషెక్ నెమ్మదిగా అంటాడు. అంతకుముందు సంవత్సరమే ‘ద విజర్డ్ ఆఫ్ ఆజ్’లో మాంత్రికుడిగా సందడి చేసిన ఫ్రాంక్ మోర్గన్ ఆ మాటను ఎంత నిబ్బరంగా పలికాడో వినండి. ఆ తర్వాత ఆయన ప్రాణం తీసుకోబోతాడు, పెపి సమయానికి వచ్చి అడ్డుకుంటాడు. ఆ ఘట్టాన్ని కూడా లుబిచ్ సాగదీయడు, పొదుపుగా ముగించి ముందుకు వెళ్తాడు. కొద్ది నిమిషాల్లోనే ఆసుపత్రిలో పెపి తనకు గుమాస్తా పదవి కావాలని బేరం పెట్టి సాధించుకుంటాడు. చావు అంచు నుంచి పదోన్నతి దాకా ఇంత వేగంగా వచ్చినా మనకు అసహ్యం కలగదు, ఎందుకంటే ఆ కుర్రవాడి ఆశ ఎంత సహజమైనదో సినిమా మొదటినుంచీ మనకు చూపిస్తూనే వచ్చింది.

ఇప్పుడు కేఫ్ సన్నివేశానికి వద్దాం, ఎందుకంటే ఈ చిత్రాన్ని మెచ్చుకోవడం నేర్చుకోవాలంటే దీన్నే నింపాదిగా చదవాలి. ఉద్యోగం పోయిన రాత్రి క్రాలిక్‌కు ఉత్తరాల స్నేహితురాలిని కలిసే ధైర్యం లేదు. వెంట వచ్చిన పిరోవిచ్‌ను కేఫ్ కిటికీలోంచి చూడమంటాడు. గుర్తుగా ‘అన్నా కరేనినా’ పుస్తకం, అందులో ఒక కార్నేషన్ పువ్వు ఉండాలి. పిరోవిచ్ చూసి, అందమైన అమ్మాయే అంటాడు, మన నోవాక్ గారి పోలికలు కొంచెం ఉన్నాయంటాడు, ఆమె నీకు నచ్చకపోతే ఈ అమ్మాయి కూడా నచ్చదని నిదానంగా దగ్గరికి తీసుకొస్తాడు. వార్త చెప్పడంలో అతను చూపిన ఆ దయ నాకు చిత్రంలోని ఏ హాస్యోక్తి కన్నా విలువైనది. అప్పటిదాకా ఇద్దరూ సమానంగా అజ్ఞానంలో ఉన్నారు, ఇక నుంచి ఒకరికి తెలుసు, మరొకరికి తెలియదు. సినిమా రెండో సగమంతా ఈ తేడా మీదనే నడుస్తుంది.

క్రాలిక్ లోపలికి వెళ్లి, తాను యాదృచ్ఛికంగా వచ్చినట్లు నటిస్తూ ఆమె బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎదురుచూస్తున్న మనిషి రాడేమోనన్న కంగారులో ఉన్న క్లారా అతన్ని ఎలాగైనా పంపించేయాలనుకుంటుంది. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది కాబట్టి, పై అధికారితో మాట్లాడుతున్నానన్న బెదురు ఇప్పుడామెకు లేదు. నెలల తరబడి మింగిన మాటలన్నీ బయటికి వస్తాయి. నీ లోపల వెతికితే హృదయం ఉండవలసిన చోట హ్యాండ్‌బ్యాగు, ఆత్మ ఉండవలసిన చోట సూట్‌కేసు, బుద్ధి ఉండవలసిన చోట వెలగని సిగరెట్ లైటర్ దొరుకుతాయంటుంది. ఆ తిట్టులోని ప్రతి వస్తువూ వాళ్లు రోజూ అమ్మే సరుకే! ఎంత చదువుకున్నా, ఎంత కవిత్వం రాసినా ఆమె ఊహ కూడా ఆ షాపు అరల మధ్యనే తిరుగుతోంది. అది తిట్టు అయినా పసందైన తిట్టని క్రాలిక్ గుర్తిస్తాడు, ఎందుకంటే ఉత్తరాల్లో అతనికి నచ్చిన రచన ఇదే చేతిది. స్టూవార్ట్ ముఖం మీద అవమానమూ మెప్పూ కలిసి కనిపించే ఆ క్షణంలో మీరు నవ్వకపోయినా ఫరవాలేదు. కాని రెండూ ఒకేసారి ఉన్నాయని గమనించండి.

మర్నాటి షాట్ ఒకటి ఉంది. పోస్టాఫీసులో క్లారాకు ఉత్తరాలు వచ్చే 237వ నంబరు పెట్టెను అవతలి వైపు నుంచి చూస్తాం. తొడుగు వేసుకున్న చెయ్యి లోపలికి వచ్చి తడుముతుంది, ఏమీ దొరకదు. చెయ్యి వెళ్లిపోయి ఆ చిన్న చతురస్రంలో క్లారా ముఖం కనిపిస్తుంది. మాట లేదు. అంతవరకు క్లారాను మాటకారిగా, ప్రత్యర్థిగా చూసిన ప్రేక్షకుడు ఆ ముఖం చూశాక ఆమె పక్షానికి చేరిపోతాడు.

అన్నీ తెలిసి కూడా క్రాలిక్ ఆమెకు నిజం చెప్పకపోవడం క్రూరత్వం కాదా అని మీరు అడగలేదు గాని, ఇప్పటి ప్రేక్షకులు తరచుగా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తొలి రోజుల్లో అతని మౌనానికి కారణం గాయపడిన గర్వం. జబ్బుపడి మంచం పట్టిన క్లారాను చూడటానికి వెళ్లినప్పుడు ఆ కారణం మారుతుంది. అతని ఎదుటే అతని ఉత్తరం ఆమె చేతికి వస్తుంది, అది చదువుతూ ఆమె ముఖం వికసించడాన్ని అతను చూస్తాడు. తన మాటకు అంత శక్తి ఉందని, అయితే తన మనిషికి ఆ శక్తి లేదని అప్పుడతనికి తెలుస్తుంది. కాగితం మీది మనిషిని షాపులోని మనిషి చేరుకునేదాకా నోరు విప్పకూడదని నిర్ణయించుకుంటాడు. చివర్లో ఆమె స్నేహితుడు బట్టతల ఉన్న, లావుపాటి, ఉద్యోగం లేని పాప్‌కిన్ అనే మనిషి అని కల్పించి ఏడిపించడం మాత్రం కొంచెం ఎక్కువ సేపు సాగిందని నాకు కూడా అనిపిస్తుంది. చిత్రంలో నేను ఒప్పుకోలేని లోపం ఇంకొకటి వాదాష్ పాత్ర. జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ ఎంత నేర్పుగా నటించినా అతనికి ముఖస్తుతి, మోసం తప్ప మరో కోణం ఇవ్వలేదు. అందరినీ ఇంత అవగాహనతో చూసిన సినిమా ఒక్కడిని మాత్రం బయటికి గెంటేసి చేతులు దులుపుకుంది.

ఇదే కథను తర్వాత చాలాసార్లు తీశారు. 1949లో సంగీత వాయిద్యాల దుకాణంలో నడిచే పాటల సినిమాగా, 1963లో రంగస్థల సంగీత నాటకంగా, 1998లో ‘యూ హావ్ గాట్ మెయిల్’గా వచ్చింది. చివరిది మీరు చూసే ఉంటారు, దానితో పోల్చుకోవడం వల్లనే పాత చిత్రం మందకొడిగా అనిపించి ఉండవచ్చు. అందులో ఉత్తరాల స్థానంలో ఈమెయిళ్లు వచ్చాయి గాని, నా దృష్టిలో అది చిన్న మార్పు. అసలు మార్పు ఏమిటంటే, ప్రత్యర్థులిద్దరూ గుమాస్తాలు కాకుండా పోయారు. ఒకరు పెద్ద పుస్తకాల గొలుసు దుకాణాల వారసుడు, మరొకరు చిన్న పుస్తకాల దుకాణం యజమానురాలు. వాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు కాబట్టి గొంతెత్తి పోట్లాడుకోవచ్చు, చమత్కారాలు బాహాటంగా విసురుకోవచ్చు. ఆ చిత్రానికి దాని సొగసు ఉంది. కాని మాట మింగడం నుంచి పుట్టే నవ్వుకు అందులో చోటు లేకుండాపోయింది.

మళ్లీ చూసేటప్పుడు ఈసారి మాట్లాడుతున్నవారిని వదిలేసి, అదే షాట్‌లో పక్కన నిలబడి వింటున్నవారిని చూడమని నా సలహా. యజమాని, క్రాలిక్ సిగరెట్ పెట్టె మీద వాదించుకుంటున్నప్పుడు మిగతా గుమాస్తాలు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరు సరుకు సర్దుతున్నట్లు నటిస్తున్నారో వెతకండి. సంసారానికి ఎంత ఖర్చవుతుందని క్రాలిక్ అడిగినప్పుడు, విందులివ్వడానికి నువ్వేమైనా రాయబారివా, నిజమైన స్నేహితుడైతే భోజనం వేళ దాటాకే వస్తాడని పిరోవిచ్ ఇచ్చే లెక్కలను తొందరపడకుండా వినండి. క్రిస్మస్ ముందు రాత్రి అమ్మకాలు ముగిశాక మాటుషెక్ వీధిలో నిలబడి, తనతో భోజనానికి వచ్చేవారి కోసం ఒక్కొక్క ఉద్యోగినీ పలకరిస్తూ, పిలుపును నోటిదాకా తెచ్చుకుని, వారికి ఇంకో చోట పని ఉందని తెలిసి మాట మార్చే తీరును చూడండి. చివరికి కొత్తగా చేరిన కుర్రవాడికి ఎవరూ లేరని తెలియగానే, తినబోయే వంటకాలన్నిటినీ ఆయన ఒకటొకటిగా వర్ణిస్తాడు. మొదటి సన్నివేశంలో ఉద్యోగులంతా యజమాని కోసం వీధిలో ఎదురుచూశారు, ఇక్కడ యజమాని ఉద్యోగుల కోసం ఎదురుచూస్తున్నాడు. చిత్రం నిడివి 99 నిమిషాలే కనుక రెండోసారి చూడటం పెద్ద భారం కాదు. వీలైతే ఇద్దరు ముగ్గురితో కలిసి చూడండి. పక్కవారు ఎక్కడ నవ్వారో గమనిస్తే, మీ దృష్టి దాటిపోయిన మెట్లూ పెట్టెలూ మీకు దొరుకుతాయి. అప్పటికీ నచ్చకపోతే ఏ సన్నివేశం దగ్గర మీకు విసుగు కలిగిందో రాయండి, ఆ సన్నివేశం గురించే విడిగా మాట్లాడుకుందాం.